మూడు సూతుల నట్టు, పది మిల్లీ నట్టు

మొన్న మా మానుకోట దుకాణానికి ఒకాయన వచ్చాడు. కాటారంలో వరికోత మిషన్లు బాగుచేసే మెకానిక్కు. ఇక్కడ అత్తగారింటికి వచ్చి, పనిలో పనిగా సామాను కొనుక్కుపోదామని ఆగాడు. ఫోను తీసి అందులో ఒక పట్టిక చూపించి, "అక్కా, పది మిల్లీ ట్యాపు, దానికి ఎనిమిదిన్నర బిట్టు ఇయ్యి" అన్నాడు. పట్టికలో ఉన్నది ముమ్మాటికీ నిజమే. పది మిల్లీమీటర్ల బోల్టు పట్టేలా ఇనుములో చుట్ల గాడి, అదే మర, కొయ్యాలంటే ముందు ఎనిమిదిన్నర బిట్టుతో బెజ్జం వెయ్యాలి, తర్వాత అందులో మర కోసే ట్యాపు తిప్పాలి. అయినా నా నోరు ఊరుకోదు కదా. "బోల్టు తెచ్చినవా తమ్మీ?" అన్నాను. "ఫోన్ల ఉన్నది గదక్కా" అన్నాడు. "ఫోనుకు మర ఉండదు, బోల్టు తీయి" అన్నాను. నవ్వుతూ తీశాడు. పది మిల్లీ నట్టు ఒకటి ఆ బోల్టుకు ఎక్కించి చూశాను, చివరిదాకా నున్నగా పోయింది. బిట్టును అదే నట్టులో దూర్చి చూశాను, సరిగ్గా దూరింది. అప్పుడు గానీ సామాను అతని చేతిలో పెట్టలేదు. "పట్టికల ఉన్నదానికి గింత పరేషాన్ ఎందుకక్కా" అంటూ వెళ్లిపోయాడు. ఎందుకో చెప్పాలంటే జనగామలో మా పుట్టింటి దుకాణం దాకా, మా అమ్మ దాకా పోవాలి. అమ్మ పోయి ఏడాది కావస్తోంది.

మా ఇల్లు జనగామ బజారులో. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక్క పరదా. నట్లు, బోల్టులు, మేకులు, పానాలు, బిట్లు, ట్యాపులు, బావుల మీది ఇంజన్లకు కావలసిన చిల్లర సామాను అంతా దొరికేది. బాపు వారంలో మూడు రోజులు సరుకు కోసం సికింద్రాబాదులోనే ఉండేవాడు. ఆ మూడు రోజులు గల్లా దగ్గర అమ్మ కూర్చునేది. బాపు ఉన్న రోజుల్లో కూడా కొనేవాళ్లు పరదా వైపు చూసి "సేటమ్మ లేదా?" అని అడిగేవాళ్లు. అమ్మది స్టేషన్ ఘన్‌పూర్, కిరాణం ఇంటి ఆడపడుచు. పప్పు మంచిదో పుచ్చుదో వేళ్లతో చెప్పగలిగిన మనిషి పెళ్లయ్యాక ఇనుములో పడింది. చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. తెల్లవారకముందే లేచి, అన్నం వండి, పచ్చిపులుసు కలిపి, దేవుడి ముందు దీపం పెట్టి, కుంకుడుకాయ పొడితో చేతులు రుద్దుకుని దుకాణం తలుపులు తీసేది. ఎంత రుద్దినా ఆ చేతులకు రెండు వాసనలు పోయేవి కావు, చింతపండుదీ కిరోసిన్‌దీ. నాకు జడ వేసేటప్పుడు ఆ రెండూ నా జుట్టుకు అంటేవి. బడిలో పక్క పిల్లలు ముక్కు మూసుకుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇప్పుడు ఆ వాసన ఎవరైనా సీసాలో పోసి ఇస్తే బీరువాలో దాచుకుంటాను.

గల్లా పక్కన గోడకు నిలువెత్తు టేకు చెక్క ఒకటి ఉండేది. దాని మీద రెండు వరసల్లో చీలలు, ఒక్కో చీలకు ఒక్కో నమూనా నట్టు. ఎడమ వరస అంగుళాలది, కుడి వరస మిల్లీలది. అంగుళంలో ఎనిమిదో వంతును సూతు అంటారు. పాత ఇంజన్లు, పాత పంపులు అన్నీ సూతుల లెక్కలో ఉండేవి, కొత్తగా వచ్చే మోటర్లు మిల్లీలలో వచ్చేవి. రైతు విరిగిన బోల్టు తెస్తే దాన్ని చెక్క మీది నట్లలో తిప్పి చూసేవాళ్లం. ఏ నట్టులో ఎక్కడా పట్టేయకుండా చివరిదాకా పోతే అదే దాని కొలత. ఇక బిట్టు సంగతి. మర కొయ్యాల్సిన బెజ్జం బోల్టంత ఉండకూడదు, అప్పుడు మర కొయ్యడానికి ఇనుము మిగలదు. మరీ చిన్నదైతే ట్యాపు లోపల ఇరుక్కుని పటుక్కున విరుగుతుంది. ఎంత ఉండాలో చెప్పడానికి అమ్మ దగ్గర ఒక్కటే మాట ఉండేది: "ఆ నట్టుల ఏ బిట్టు ఒరుసుకుంట దూరుతదో గదే నీ బిట్టు." ఎంత సూటిగా ఉందో చూడండి. నట్టు కూడా ఎవరో బెజ్జం వేసి మర కోసిందే కదా. వాళ్లు వేసిన బెజ్జం ఎంతో అదే మనమూ వెయ్యాలి. ఇంత మాట ఏ బడిలోనూ నాకు ఎవరూ చెప్పలేదు.

అప్పటికి నేను ఇంటర్ పాసై ఇంట్లో ఉన్నాను, పొగరు కూడా బాగానే ఉంది. బాపు తెచ్చిన ఒక క్యాలెండరు వెనక ట్యాపుల పట్టిక అచ్చేసి ఉంటే దాన్ని కంఠతా పట్టాను. దాని గుట్టు కూడా కనిపెట్టాను. మర మీద ఒక గట్టు నుంచి పక్క గట్టుకు ఉన్న దూరాన్ని పిచ్ అంటారు. మిల్లీ బోల్టయితే దాని లావులోంచి పిచ్ తీసేస్తే బిట్టు వచ్చేస్తుంది. పదిలోంచి ఒకటిన్నర పోతే ఎనిమిదిన్నర, ఆరులోంచి ఒకటి పోతే అయిదు. ఎవరైనా రాగానే నేను పరదా పక్కన నిలబడి లెక్క చెప్పేదాన్ని, అమ్మ నట్టులో బిట్టు దూర్చి చూసేది. ప్రతిసారీ రెండూ ఒకటే అయ్యేవి. "మంచిగుంది బిడ్డా, నీ లెక్క గూడ నా నట్టు కాడికే వచ్చింది" అని నవ్వేది. నేను గెలిచాననుకునేదాన్ని. అమ్మ ఏమనుకునేదో అప్పట్లో ఆలోచించలేదు.

మా చిన్నాయిన, అంటే బాపు తమ్ముడు, మా పక్కనే ధాన్యం దుకాణం నడిపేవాడు. మంచివాడే, కానీ అమ్మ గల్లా దగ్గర కూర్చోవడం ఆయనకు గొంతులో ముల్లు. "ఇనుము ఆడోళ్ల సరుకు గాదు వదినా. ఒక్కపారి తప్పు పోతే బజార్ల మన పేరు పోతది" అని వారానికి ఒకసారైనా అనేవాడు. అమ్మ "చాయ్ తాగుతవా?" అని అడిగేది. ఆ ఒక్క తప్పు కోసం ఆయన ఏళ్ల తరబడి ఓపిగ్గా ఎదురుచూశాడు. దాన్ని ఆయన చేతిలో పెట్టింది నేను.

దసరాకు మా దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. ఆయుధపూజ నాడు చెక్క మీది నట్లన్నీ దించి, కిరోసిన్‌లో కడిగి తుడిచి, ఇత్తడి పళ్లెంలో పోసి, పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకునేవాళ్లం. ఏడాదంతా మన మాట నిలబెట్టేవి ఇవే అని అమ్మ అనేది. పూజ తర్వాత వాటిని ఒక్కొక్కటే బోల్టుతో సరిచూసి మళ్లీ చీలలకు తగిలించడం అమ్మ పని. ఆ ఏడు "నేను పెడత" అని పళ్లెం లాక్కున్నాను. అన్నీ కుంకుమ అంటుకుని కలిసిపోయి ఉన్నాయి. సరిచూడటం ఎందుకు, కళ్లు లేవా అనుకుని చకచకా పెట్టేశాను. మూడు సూతుల నట్టు, పది మిల్లీ నట్టు చూపుకు కవలల్లా ఉంటాయి. లావులో తేడా అర మిల్లీ కూడా ఉండదు. పిచ్‌లో తేడా మిల్లీలో పదో వంతు కూడా ఉండదు. దీన్ని దాని చీలకు, దాన్ని దీని చీలకు తగిలించి, దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయాను.

తర్వాతి అంగడి రోజు బచ్చన్నపేట వైపు నుంచి మల్లయ్య అనే రైతు వచ్చాడు. ఆ ఏడు చెరువు నిండలేదు, రెండెకరాల వరికి బావే దిక్కు. బావి మీద పాత ఇంజను. దాని పంపు మూత బిగించే బోల్టు ఒకటి విరిగి సగం ముక్క లోపలే ఉండిపోయింది. ఆ ముక్కను తొలిచి తీసి మళ్లీ మర కొయ్యాలి. తలకాయ ఉన్న సగం తెచ్చాడు. దుకాణంలో కాలు పెట్టే సందు లేదు. అతనే చెక్క దగ్గరికి పోయి ఒక్కో నట్టులో తిప్పి చూసి, "గీ దాంట్ల మంచిగ పోయింది సేటమ్మా" అన్నాడు. అమ్మ కూర్చున్న చోటు నుంచే చూసింది. కుడి వరసలో పది మిల్లీ చీల. పది మిల్లీ బోల్టు, ట్యాపు, ఎనిమిదిన్నర బిట్టు తీసి ఇచ్చింది. వెయ్యిసార్లు ఇచ్చిన బిట్టే, గల్లా ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. ఆ ఒక్కరోజు బిట్టును నట్టులో దూర్చి చూడలేదు.

మూడో రోజు పొద్దున మల్లయ్య గోనె సంచిలో పంపునే మోసుకొచ్చి మా గడప ముందు దించాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "నీ చేతి మీద నమ్మకంతోని తీస్కపోయిన సేటమ్మా. మా మెకానిక్ నువ్విచ్చిన బిట్టుతోనే బెజ్జం ఏసిండు, నువ్విచ్చిన ట్యాపే తిప్పిండు. ఇంజన్ నడిపితే బోల్టు ఊడి ఎగిరి పడ్డది. వరి పొట్టకొచ్చి ఉన్నది. ఇంకో మూడొద్దులు నీళ్లు లేకుంటే కంకి బయటికి గూడ రాదు" అన్నాడు. అమ్మ వంగి బెజ్జంలోకి చూసింది. పాత సూతుల మర మీద కొత్త మిల్లీ మర అడ్డదిడ్డంగా పడి, రెండూ చితికిపోయి ఉన్నాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది ఆయన పని. "పంపు సూతులది. నేను మిల్లీ ఇచ్చిన" అంది అమ్మ మెల్లగా. బాపు సరుకుకు పోయి ఉన్నాడు. ఈలోగా చిన్నాయిన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నేను ముందుగాల్నే చెప్పలే?" అన్నాడు. అమ్మ లేచి, నడుముకు ఉన్న తాళంచెవుల గుత్తి తీసి ఆయన ముందు పెట్టింది. "నా కండ్లకు అందుతలేదేమో. ఇగ నువ్వు కూసో" అని పరదా వెనక్కి వెళ్లిపోయింది. మల్లయ్యను మర్నాడు రమ్మని చిన్నాయిన పంపించాడు.

ఎలా జరిగిందో నాకు తోచలేదు. మధ్యాహ్నం చిన్నాయిన భోజనానికి పోయినప్పుడు చెక్క దగ్గరికి వెళ్లి, పది మిల్లీ చీల మీది నట్టులో ఎనిమిదిన్నర బిట్టు దూర్చాను. దూరలేదు. మళ్లీ దూర్చాను. దూరలేదు. పక్క వరసలో మూడు సూతుల చీల మీది నట్టులో దూర్చితే హాయిగా దూరింది. నేనేం చేశానో తెలుసా? చుట్టూ చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకుని, రెండు నట్లనూ వాటి వాటి చోట పెట్టేసి, తేలు కుట్టిన దొంగలా లోపలికి వచ్చి కూర్చున్నాను. అమ్మ పొయ్యి ముందు ఊరికే కూర్చుని ఉంది. అన్నం తినలేదు. మాటిమాటికీ తన బొటనవేలి గోరును చీర చెంగుతో తుడుచుకుంటోంది. ఆ గోటితోనే ఆమె మర గీసి చూసి కొలత చెప్పేది. చెప్పేస్తే చిన్నాయిన "తల్లీ బిడ్డా ఇద్దరూ అంతే" అంటాడు, ఇద్దరినీ పరదా దాటనివ్వడు. చెప్పకపోతే అమ్మ ఒక్కతే పోతుంది, తన కళ్లను తానే నమ్మకుండా పోతుంది. ఈ లెక్క ఏ పట్టికలోనూ లేదు.

మర్నాడు పొద్దున మల్లయ్య వచ్చాడు. చిన్నాయిన గల్లా దగ్గర కాలు మీద కాలు వేసుకుని, "అమ్మిన సరుకు వాపసు తీసుకోం. పంపు పాతది, అరిగిపోయింది, కొత్తది కొనుక్కో" అంటున్నాడు. బజారు వాళ్లు నలుగురైదుగురు చూస్తూ నిలబడ్డారు. మల్లయ్య సంచి ఎత్తుకోవడానికి వంగాడు. ఆ వంగడం చూసి ఉండలేకపోయాను. పరదా తీసి బయటికి వచ్చి, "దసరా నాడు నట్లు తారుమారు పెట్టింది నేను. మూడు సూతులది పది మిల్లీ చీలకు ఏసిన. నిన్న ఎవ్వరు చూడకుండ సరిచేసిన. మా అమ్మ కండ్లకు ఏం కాలే" అన్నాను. చిన్నాయిన నోరు తెరిచేలోగా నా వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "నట్టు తప్పు పెట్టింది నువ్వు. బిట్టు దూర్చి చూడకుండ ఇచ్చింది నేను. సగం నీది, సగం నాది." తర్వాత మల్లయ్య వైపు తిరిగి, "సంచి కింద పెట్టు. బాగు చేసినంకనే తీస్కపో" అంది.

మా దుకాణం చరిత్రలో అంతకుముందు మేం సరుకు అమ్మడమే గానీ పని చేసింది లేదు. అమ్మ కొంగు నడుముకు దోపుకుని పంపు ముందు చతికిలబడింది. చెడిపోయిన మర పోవాలంటే పై కొలతకు వెళ్లాలి. పన్నెండు మిల్లీ. బెజ్జం అంత పెద్దదైతే చుట్టూ ఇనుము నిలుస్తుందా అని వేలితో అంచు కొలిచింది. నిలుస్తుందంది. "లెక్క చెప్పు" అంది నన్ను. పన్నెండులోంచి పిచ్ ఒకటీముప్పావు తీస్తే పదింబావు. అమ్మ పన్నెండు మిల్లీ నట్టు చేతిలోకి తీసుకుని, ముందు దాన్ని కొత్త బోల్టుకు తిప్పి సరిచూసి, అప్పుడు బిట్లు దూర్చింది. పది మిల్లీ బిట్టు అందులో గలగలలాడింది. పదిన్నర దూరలేదు. పదింబావుకు ఒక్క వెంట్రుకవాసి తక్కువ బిట్టు ఒరుసుకుంటూ దూరింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వెనక వీధిలో లేతు మిషను దగ్గర అదే బిట్టుతో బెజ్జం పెద్దది చేయించుకొచ్చాం, మూతకు ఉన్న బెజ్జాన్ని కూడా బోల్టుకు తగ్గట్టు వెడల్పు చేయించాం.

ట్యాపు నా చేతికి ఇచ్చింది అమ్మ. అంతవరకూ నేను ట్యాపు తిప్పినదాన్ని కాదు, అమ్మా తిప్పలేదు. కానీ ఇరవై ఏళ్లుగా ఫిట్టర్లు గల్లా ముందు నిలబడి చెప్పుకున్న ముచ్చట్లన్నీ ఆమె చెవిలో భద్రంగా ఉన్నాయి. "ఇది బీడు, పోతపోసిన ఇనుము. నూనె పెట్టొద్దు. అర చుట్టు ముందుకు పో, పావు చుట్టు ఎన్కకు రా. ఇనుము పొడి రాలనియ్యి. జబర్దస్తీ చేస్తే విరుగుతది" అని పక్కన కూర్చుని చెప్పింది. నాకు చేతులు పీకాయి, అరచేతుల్లో పొక్కులు లేచాయి. బజారు వాళ్లు ఎవరూ పోలేదు. చివరికి బోల్టు పెట్టి వేళ్లతో తిప్పితే అడుగుదాకా నున్నగా దిగింది. పానాతో బిగిస్తే గట్టిగా పట్టింది. అమ్మకు అదీ చాలలేదు. "నీళ్లు చూడందే నమ్మ" అని, చేతులు కూడా కడుక్కోకుండా మల్లయ్యతో బస్సెక్కింది, నన్ను ఎక్కించింది. పొద్దు వాలే వేళకు బావి దగ్గర ఇంజను దబదబమంది. పంపు మూత చుట్టూ ఒక్క చుక్క కారలేదు. కాలువలో నీళ్లు కదిలి మొదటి మడిలోకి దిగాయి. మల్లయ్య భార్య గట్టు మీద కూర్చుని ఏడ్చేసింది. "ఏందక్కా, ఇప్పుడెందుకు ఏడుస్తవ్" అంటూ అమ్మ కూడా కళ్లు తుడుచుకుంది. ఇంటికొచ్చేసరికి చిన్నాయిన తాళంచెవుల గుత్తి గల్లా మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మానుకోటలో నా దుకాణం దానికి నాలుగింతలుంది. బిట్ల మీద, ట్యాపుల పెట్టెల మీద కొలతలు అచ్చేసి వస్తున్నాయి. పట్టిక అందరి జేబుల్లో ఉంది. మంచిదే, దాన్ని తిట్టేంత మూర్ఖురాలిని కాను. నేనూ పట్టిక కంఠతా పట్టినదాన్నే. కానీ తప్పు పోయినప్పుడు ఇప్పుడు అందరూ పెట్టెను తిడతారు, కంపెనీని తిడతారు, ఫోనును తిడతారు. "నేనే చూడకుండ ఇచ్చిన" అన్న మాట విని ఎన్నేళ్లయిందో. నా దగ్గర పనిచేసే అమ్మాయిలకు మొదటి రోజు నేర్పేది నట్టులో బిట్టు దూర్చడం, రెండో రోజు నేర్పేది ఆ మాట అనడం. మొదటిది ఒక పూటలో వచ్చేస్తుంది. రెండోది కొందరికి ఏళ్లు పడుతుంది. నాకు పందొమ్మిదో ఏట వచ్చింది, అదీ ఒక రోజు ఆలస్యంగా. ఇందులో గర్వపడటానికి ఏముందని ఎవరైనా అడగవచ్చు. నాకు ఉంది. నాలుగో తరగతి చదివిన మా అమ్మ బిడ్డనని చెప్పుకోవడానికి నాకు చచ్చేంత గర్వం.

ఆ గర్వం ఒకవైపుదే కాదని తర్వాతి ఎండాకాలంలో తెలిసింది. మానుకోట నుంచి నన్ను చూసుకోవడానికి వచ్చారు. వాళ్లదీ ఇనుప సామాన్ల దుకాణమే. "బచ్చన్నపేట ముచ్చట మాత్రం ఎత్తకు వదినా, సంబంధం పోతది" అని చిన్నాయిన పొద్దుటి నుంచి పదిసార్లు చెప్పాడు, బాపు కూడా తల ఊపాడు. అమ్మ సరేనంది. అందరూ కూర్చున్నాక, చాయ్ కప్పులు ముందు పెట్టాక, ఇప్పుడు మా మామ అయిన పెద్దాయన "పిల్లకు ఏమేం వచ్చమ్మా?" అని అడిగాడు. పాటలు, ముగ్గులు, వంటలు చెబుతుందని అందరూ చూస్తున్నారు. అమ్మ కొంగు సర్దుకుంది. "పాటలు రావు. ముగ్గులు అంతంత మాత్రమే. పోయిన దసరాకు నట్లు తారుమారు పెట్టి బచ్చన్నపేటల ఒకాయన పంపు ఖరాబు చేసింది. బజారు నలుగురిల నిలబడి నేనే చేసిన అని చెప్పింది. మల్ల కూసోని తన చేతులతోని బాగు చేసింది. మాకైతే గిదే పెద్ద సంగతి. మీకు గూడ గట్లనే అనిపిస్తేనే చాయ్ తాగుండ్రి" అంది. చిన్నాయిన కళ్లు మూసుకున్నాడు. పెద్దాయన కప్పు ఎత్తి, చాయ్‌ని సాసర్‌లో పోసుకున్నాడు.